డబ్బు ఎవరి దగ్గర ఆగింది?

"డబ్బు ఆన్‌లైన్‌లో వుంది." ఈ మూడు ముక్కలు ఇవాళ పల్లెటూళ్ళలో వినని మనిషి లేడు. ధాన్యం అమ్మిన రైతు కొనుగోలు కేంద్రానికి పోయి అడిగితే ఇదే మాట. పత్తి అమ్మి వచ్చిన రైతు అడిగినా ఇదే. ఉపాధి పనిలో మట్టి మోసిన కూలీ ఫీల్డ్ అసిస్టెంటును అడిగితే ఇదే. నాట్లేసిన ముఠా మేస్త్రి రైతును అడిగితే ఆయనా ఇదే మాట చెబుతున్నాడు. ఇంతకీ ఈ ఆన్‌లైన్ అనేది ఏ వూళ్ళో వుంది? అక్కడ డబ్బుకు కాపలా ఎవరు? తాళంచెవి ఎవరి మొలలో వుంది? అడిగేవాళ్ళు తక్కువ. చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ.

వెనకటి రోజుల్లో కూలి ఎగ్గొట్టే భూస్వామికీ, సొమ్ము బిగబట్టే షావుకారుకీ ఒక మొహం వుండేది. పదిమంది కలిసి వాకిట్లో కూర్చుంటే ఎంత మొండివాడైనా బయటికొచ్చి ఏదో ఒక వాయిదా చెప్పేవాడు. ఇప్పుడు వాకిలి లేదు. "సర్వరు పనిచెయ్యటం లేదు", "ప్రాసెస్‌లో వుంది", "పైనుంచి రాలేదు" అని మూడు జవాబులు తయారయ్యాయి. ఈ జవాబులకు మొహం లేదు కాబట్టి, జనం కోపం కేంద్రంలో ట్యాబు పట్టుకు కూర్చున్న పిల్లమీదో, బ్యాంకు గుమాస్తా మీదో పోతున్నది. ఆ అమ్మాయి చేతిలో ఏమీ లేదు. ఆమె జీతమే నెలనెలా రావటం లేదు.

అసలు సంగతి మొదట తేల్చుకోవాలి. తీగమీద డబ్బు నడవటానికి ఎంతసేపు పడుతుంది?

2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ పద్ధతిలో డబ్బు పంపటం రాత్రింబవళ్ళు, ఆదివారాలు, పండగలు అన్న తేడా లేకుండా నడుస్తున్నది. అరగంటకొక దఫా లెక్క తేలుతుంది. ఆ దఫా తేలిన రెండు గంటల్లో అవతలి ఖాతాలో జమ కట్టాలి, లేదంటే తిప్పి పంపాలి. పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి అట్లాగే అన్ని వేళలా నడుస్తున్నది. పెన్షన్లు, సబ్సిడీలు, ఉపాధి కూలి మూకుమ్మడిగా వేసే నాచ్ పద్ధతి కూడా 2021 ఆగస్టు 1 నుంచి సెలవు రోజుల్లో సైతం పనిచేస్తున్నది. అంతెందుకు, పాత కాగితం చెక్కులే 2025 అక్టోబరు 4 నుంచి గంటల్లో తేలాలని రిజర్వుబ్యాంకు కట్టడి చేసింది. ఇక సెల్లులో పంపే యూపీఐ సంగతి మనవాళ్ళందరికీ తెలిసిందే. టీ కొట్టులో పది రూపాయలు కొడితే గల్లాపెట్టె దగ్గర డబ్బా ఆ క్షణానే అరుస్తుంది.

యంత్రం ఎప్పుడూ చెడదని మేము అనటం లేదు. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ ఆగిపోయి కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కానీ ఆ ఆగటం గంటల లెక్క. వారాల లెక్క కాదు. కాబట్టి వడ్లు కాంటా పెట్టిన ఇరవయ్యో రోజుకు కూడా ఖాతాలో డబ్బు పడలేదంటే, డబ్బు దారిలో లేదు. అది ఇంకా బయల్దేరనే లేదు. బయల్దేరనివాళ్ళు ఎవరో ఒకరున్నారు. వాళ్ళెవరన్నదే మన ప్రశ్న.

కాంటా నుంచి ఖాతా దాకా

ధాన్యం దారి చూద్దాం. రైతు పంట కల్లానికో కేంద్రానికో తెస్తాడు. తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబెట్టుకుంటూ, ఆకాశం కేసి చూస్తూ, పరదాలకు కిరాయి కట్టుకుంటూ కాపలా కాస్తాడు. సంచులు రావాలి. కాంటా పడాలి. తర్వాత లారీ రావాలి. లారీ మిల్లుకు పోవాలి, అక్కడ వరసలో నిలబడాలి, దిగుమతి కావాలి. దిగుమతి అయినట్టు మిల్లరు కంప్యూటర్లో ఒప్పుకోవాలి. అప్పుడు ఆ లెక్క పౌరసరఫరాల సంస్థకు చేరుతుంది. అక్కడ అధికారులు ఆమోదం వెయ్యాలి. ఆ పైన సంస్థ దగ్గర డబ్బుంటే అది బ్యాంకుకు పోతుంది. బ్యాంకు నుంచి రైతు ఖాతాకు పోవటానికి పట్టేది పైన చెప్పిన రెండు గంటలు.

ఇన్ని మెట్లలో యంత్రం పని చిట్టచివరి మెట్టు ఒక్కటే. మిగతావన్నీ మనుషుల పనులే. అయినా ఆలస్యం మొత్తాన్నీ ఆ చివరి మెట్టు నెత్తిన రుద్దుతున్నారు.

48 గంటల్లో డబ్బు వేస్తున్నామని ప్రభుత్వాలు ప్రకటిస్తాయి. 24 గంటల్లోనే వేశామని కూడా చెప్పుకుంటాయి. అబద్ధమని మేము అనం. నిజంగానే పడిన కేంద్రాలున్నాయి. కానీ ఏ గడియ నుంచి 48 గంటలు? ఇది ఎవరూ అడగరు. రైతు లెక్క కాంటా పడిన గడియ నుంచి మొదలవుతుంది. సర్కారు లెక్క మిల్లరు మీట నొక్కిన గడియ నుంచి మొదలవుతుంది. ఈ రెండు గడియల మధ్య ఎన్ని రోజులు గడిచినా ఏ రికార్డులోనూ అది ఆలస్యం కింద రాదు. కాగితం మీద అంతా సవ్యంగా వుంటుంది. రైతు మాత్రం మూడో వారంలో కూడా కేంద్రం చుట్టూ తిరుగుతుంటాడు.

ఈ సందులోనే మిల్లరు చేతికి కొరడా దొరికింది. లారీ మిల్లు గేటు ముందు నిలబడ్డాక "తాలు వుంది, తేమ వుంది, క్వింటాలుకు ఇన్ని కిలోలు తరుగు తీస్తాం" అంటాడు. ఒప్పుకోకపోతే దింపుకోడు. దింపుకున్నా ఒప్పుకోలు కొట్టడు. లారీ వెయిటింగ్ చార్జీ ఒకపక్క పెరుగుతుంది. ఇంటిదగ్గర అప్పులవాడు ఒకపక్క కాచుకుంటాడు. రైతు ఎన్నాళ్ళు ఆగుతాడు? "సరే, కోసుకో" అంటాడు. కేంద్రంలో ఒకసారి తూచి, రసీదు రాసిన ధాన్యాన్ని మిల్లులో మళ్ళీ కోసే హక్కు మిల్లరుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఆలస్యం ఇచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ధాన్యం మిల్లరు కొన్నది కాదు. ప్రభుత్వ సంస్థ బ్యాంకుల్లో అప్పు తెచ్చి కొన్నది. మిల్లరు దాన్ని ఆడించి, పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోల లెక్కన తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం గోడౌనుకు చేరాకే కేంద్రం నుంచి డబ్బు రాష్ట్ర సంస్థకు తిరిగొస్తుంది. బియ్యం గడువులోపల ఇవ్వని మిల్లర్లకు గడువు మీద గడువు పెంచుతూ పోయిన సంగతి ప్రతి సీజనులో పత్రికల్లో చూస్తూనే వున్నాం. అంటే జనం సొమ్ముతో కొన్న సరుకు నెలల తరబడి మిల్లుల్లో వుంటుంది. దాని మీద వాళ్ళు వ్యాపారం చేసుకోవచ్చు. ఆ సరుకు పండించినవాడికి ఇవ్వటానికి మాత్రం సంస్థ దగ్గర పైసలుండవు. వడ్డీ లేని అప్పు మిల్లరుకి, వడ్డీ కట్టే అప్పు రైతుకి. ఏర్పాటు బాగుంది!

యాభై క్వింటాళ్ళలో ఒకటి

ఆలస్యం ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు 2,369 రూపాయల మద్దతు ధర. రెండెకరాల కౌలురైతు 50 క్వింటాళ్ళు అమ్మాడనుకోండి. 1,18,450 రూపాయలు రావాలి. పెట్టుబడి అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. డబ్బు ఒక నెల ఆలస్యమైతే అంత మొత్తం మీద పడే వడ్డీ 2,369 రూపాయలు. సరిగ్గా ఒక క్వింటాలు ధర. నెలకొక క్వింటాలు ధాన్యాన్ని ఎవరో కల్లంలోంచి ఎత్తుకుపోయినట్టే. మూడు రూపాయల వడ్డీ అయితే క్వింటాలున్నర. కేంద్ర ప్రభుత్వం మద్దతు ధర 69 రూపాయలు పెంచామని ఆ ఏడాది చాటుకుంది. 50 క్వింటాళ్ళ మీద ఆ పెంపు 3,450. రెండు రూపాయల వడ్డీకి నెలా పదిహేను రోజుల ఆలస్యంలో ఆ పెంపు పెంపంతా కొట్టుకుపోతుంది.

ఈ లెక్క రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే కల్లం దగ్గరికే వచ్చి, చేతిలో రొక్కం పెట్టి, బస్తాకు వందో రెండొందలో తక్కువకు అడిగే దళారికి చాలామంది ధాన్యం వదిలేస్తున్నారు. "రైతులకు చైతన్యం లేదు, మద్దతు ధర కేంద్రాలుండగా దళారులకు అమ్ముకుంటున్నారు" అని అధికారులు సుద్దులు చెబుతారు. చైతన్యం లేక కాదు. రేపటి 1,777 రూపాయల బస్తా కంటే ఇవాళ్టి 1,550 ఎందుకు మేలో ఆ రైతుకు బాగా తెలుసు కాబట్టి. రేపు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు మరి. తెలంగాణ మార్కెట్ యార్డుల్లో ఇదే పద్ధతి ఇంకో పేరుతో వుంది. తక్‌పట్టీ రాసిచ్చి, డబ్బు తర్వాత అంటారు. అప్పటికప్పుడే రొక్కం కావాలంటే నూటికి ఇంత కోత. రైతు డబ్బు రైతుకు ఇవ్వటానికి రైతు దగ్గరే వడ్డీ.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 రబీ ధాన్యం డబ్బు 1,674 కోట్ల రూపాయలు బాకీ పడి, ఎన్నికలై, ప్రభుత్వం మారాక, 2024 జూలై, ఆగస్టు నెలల్లో రైతుల ఖాతాల్లో పడింది. ఇచ్చినందుకు కొత్త ప్రభుత్వం గొప్ప చెప్పుకుంది. ఆపినందుకు పాత ప్రభుత్వం ఏ జవాబూ చెప్పలేదు. మాకు కావలసింది గొప్పా కాదు, సంజాయిషీ కాదు. దాళ్వా ధాన్యం అమ్మిన రైతు సార్వా నాట్లు వేసేదాకా ఆగాడు. ఆ మధ్యకాలపు వడ్డీ ఎవరు కట్టారు? రైతే కట్టాడు. సర్కారు అసలు మాత్రమే ఇచ్చింది. వడ్డీ ఊసే ఎత్తలేదు.

చెరుకు విషయంలో ఇట్లా కాదు, కనీసం కాగితం మీద. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు తోలిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి. దాటితే ఏడాదికి నూటికి 15 లెక్కన వడ్డీ. అప్పటికి కంప్యూటర్లు లేవు, సెల్లులు లేవు. కాగితం, కలం, ఎడ్లబండి మీద నడిచిన కాలంలో 14 రోజులు చాలునన్నారు. కన్ను మూసి తెరిచేలోగా డబ్బు ఢిల్లీకి పోయే ఈ కాలంలో ధాన్యానికి అటువంటి చట్టం ఎందుకు లేదు? 48 గంటలన్నది మంత్రుల నోటిమాట. నోటిమాట తప్పితే కోర్టుకు పోవటానికి లేదు. చట్టం వుంటే అన్నీ జరిగిపోతాయనీ అనం. చెరుకు బకాయిల కోసం 2021లో విజయనగరం జిల్లా లచ్చయ్యపేటలో రైతులు రోడ్డు మీదికి రావలసే వచ్చింది. కానీ చట్టం వున్నచోట రైతు హక్కు అడుగుతాడు. లేనిచోట దయ అడుగుతాడు.

పైసలు పడ్డవి, ఎవరి ఖాతాలో?

ఆలస్యమైనా డబ్బు పడిందనుకుందాం. ఎవరికి పడింది? భూమి ఎవరి పేర వుంటే వాళ్ళ ఖాతాలో పడటం మామూలయిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేశారు గానీ, భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు. సంతకం పెట్టేవాళ్ళు ఎందరో కౌలురైతులనే అడగండి. తెలంగాణలో 2011 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం పుస్తకాల్లో వుంది, ఊళ్ళలో లేదు. దాంతో కౌలురైతు పండించిన ధాన్యం భూమిగలాయన పేర అమ్ముడుపోతుంది. ఆయన హైదరాబాదులోనో విశాఖలోనో, ఒక్కోసారి అమెరికాలోనో వుంటాడు. డబ్బు పడినట్టు మెసేజీ ఆయన సెల్లుకే వస్తుంది. మంచివాడైతే కౌలు పట్టుకుని మిగతాది పంపుతాడు. కాకపోతే "ఇంకా పడలేదయ్యా" అంటాడు. కొన్నిచోట్ల ఆయన ఎప్పుడో తీసుకున్న పంటరుణం బాకీ కింద బ్యాంకువాళ్ళు ఆ డబ్బును జమకట్టుకుంటారు. అప్పు ఒకరిది, చెమట ఇంకొకరిది.

పత్తిది మరో కథ. 2025-26లో పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకుని, అందులోనే రోజు బుక్ చేసుకోవాలన్నారు. పొడుగు పింజ పత్తికి 8,110 మద్దతు ధర. డబ్బు ఆధార్ ముడిపడిన ఖాతాకే పోతుంది. మంచి ఫోనూ, తన పేర పాసుపుస్తకమూ లేని కౌలురైతు ఆ గేటు దాకా కూడా పోలేడు. ఊళ్ళో వ్యాపారికి అమ్ముతాడు. ఆ వ్యాపారి ఎవరో ఒక పట్టాదారు పేరు మీద అదే పత్తిని అదే కేంద్రానికి తోలతాడు. మద్దతు ధరకీ కొన్న ధరకీ మధ్య తేడా ఎవరి జేబులో పడిందో వేరే చెప్పాలా?

ఇక వ్యవసాయ కూలీ సంగతి. ఈ గొలుసులో అందరికంటే కింద వున్నది కూలీయే. నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి, బస్తాలు ఎత్తి, "మాకు పడ్డాక మీకు" అన్న మాట విని ఇంటికి పోతున్నారు. ఈ మాట విషయంలో మన సంఘాల్లోనే కొంత తికమక వుంది. చిన్నరైతూ కూలీ కలిసి పోరాడాలి, నిజమే. రెండెకరాల రైతు దగ్గర నిజంగానే డబ్బు లేనప్పుడు ముఠా వారం ఆగుతుంది. ఆ సర్దుబాటు పల్లెల్లో ఎప్పుడూ వుంది. కానీ ముప్పై ఎకరాల ఆసామి, ఎరువుల దుకాణం వున్న ఆసామి, పిల్లల పెళ్ళిళ్ళు ఫంక్షన్ హాల్లో చేసే ఆసామి కూడా "ఆన్‌లైన్‌లో పడలేదు" అనటం నేర్చాడు. కోత మిషనుకు అక్కడికక్కడే గంట లెక్కన రొక్కం ఇస్తాడు. డీజిలు బంకులో అప్పు పెట్టడు. కూలీ దగ్గర మాత్రమే ఆయనకు సర్వరు చెడిపోతుంది. కూలి అనేది పంట అమ్మకంలో వాటా కాదు. ధాన్యం అమ్ముడుపోయినా పోకపోయినా పని చేసిన సాయంత్రానికే అది బాకీ అయింది. ఈ తేడా మన కార్యకర్తలు ఊళ్ళో నలుగురిలో గట్టిగా చెప్పాలి. మొహమాటపడితే కుదరదు.

92 పైసలు, 100 రూపాయలు

ఉపాధి హామీ సంగతి ఇంతకంటే విడ్డూరం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైనప్పుడు చట్టంలో మాట స్పష్టంగా వుంది: కూలి వారానికొకసారి ఇవ్వాలి, ఎట్లా చూసినా పదిహేను రోజులు దాటకూడదు. మస్టరు మూసిన పదహారో రోజు దాటినాక రోజుకు నూటికి 0.05 లెక్కన నష్టపరిహారం. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307 రూపాయలు. ఆరు రోజుల పనికి 1,842. దాని మీద రోజుకు పరిహారం 92 పైసలు. నెల రోజులు ఆపితే 27 రూపాయల 63 పైసలు. మన ఊరి లెక్కలో రూపాయిన్నర వడ్డీ. ఊళ్ళో ఆ వడ్డీకి కూలీకి ఎవరిస్తారు? రెండు, మూడు లేనిదే చెయ్యి విదల్చరు. ఆ 92 పైసలైనా సరిగా లెక్కగట్టి ఇచ్చారా అంటే అదీ లేదు. రాష్ట్రంలో సంతకాలు అయిపోయేదాకా జరిగిన జాప్యాన్నే లెక్కలోకి తీసుకుని, ఆ తర్వాత ఢిల్లీలో ఆగిన రోజుల్ని లెక్కలోంచి తీసేశారు. ఇది తప్పని, ఆగింది ఎక్కడైనా కూలీకి పరిహారం ఇవ్వాల్సిందేనని 2018 మే 18న సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ కేసులో చెప్పింది. చెప్పినా నడక మారలేదు.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. 2019 సెప్టెంబరు 20న రిజర్వుబ్యాంకు ఒక ఉత్తర్వు వేసింది. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు మన ఖాతాలో తగ్గి, అవతలివాళ్ళకు చేరకపోతే మర్నాటికల్లా తిరిగి వెయ్యాలి. దుకాణానికి కట్టిన డబ్బయితే అయిదు రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయలు బ్యాంకు ఇచ్చుకోవాలి. అడక్కుండానే ఇవ్వాలి. పట్నంలో సినిమా టిక్కెట్టుకు కొట్టిన 200 రూపాయలు ఇరుక్కుంటే రోజుకు వంద. ఎండలో గుంటలు తవ్విన 1,842 రూపాయలు ఇరుక్కుంటే రోజుకు 92 పైసలు. ఉత్తర్వు చెడ్డదని కాదు. ఇట్లా కట్టడి చెయ్యటం సాధ్యమేనని అది రుజువు చేస్తున్నది. ఆధార్ ద్వారా పంపే డబ్బుకు కూడా అదే ఉత్తర్వులో ఒకరోజు గడువు, రోజుకు వంద పెట్టారు. అయితే అది బ్యాంకు చేతికి వచ్చిన తర్వాత మాట. సర్కారు చేతిలో వున్నన్నాళ్ళూ ఏ గడువూ లేదు. బ్యాంకుకు జరిమానా వేసే రాజ్యం తనకు తాను జరిమానా వేసుకోదు.

2021లో ఇంకో ప్రయోగం చేశారు. కూలి డబ్బును ఎస్సీలకు వేరుగా, ఎస్టీలకు వేరుగా, మిగతావాళ్ళకు వేరుగా విడదీసి పంపారు. ఒకే చెరువులో, ఒకే మస్టరు కింద, పక్కపక్కన తట్టలు మోసినవాళ్ళకు వేరువేరు రోజుల్లో కూలి పడింది. ఊళ్ళలో ఒకరి మీద ఒకరికి అనుమానాలు పుట్టాయి. గోల లేచాక వెనక్కి తగ్గారు. యంత్రానికి కులం తెలియదు. తెలిసేటట్టు ఎవరో నేర్పారు.

2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్ ముడిపడిన ఖాతాకే అని తప్పనిసరి చేశారు. ఇందులో చిక్కు ఏమిటంటే, ఒక మనిషికి నాలుగు ఖాతాలుంటే ఆఖరున ఆధార్ ముడివేసిన ఖాతాకు డబ్బు పోతుంది. అది ఏదో ఆ మనిషికే తెలియదు. 2017లో ఒక పెద్ద టెలిఫోను కంపెనీ తాలూకు పేమెంట్స్ బ్యాంకు, సిమ్ము కోసం వేలిముద్ర వేసినవాళ్ళ పేర వాళ్ళకు తెలియకుండానే ఖాతాలు తెరిచింది. లక్షలాదిమంది గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాల్లోకి పోయింది. దీనికి తోడు బ్యాంకుల విలీనాలు. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గ్రామీణ బ్యాంకులు మన రెండు రాష్ట్రాల్లోనూ 2025లో మళ్ళీ కలిపి విడదీశారు. పేర్లు మారాయి, కోడ్‌లు మారాయి. కూలీ పాసుబుక్కు మాత్రం పాతదే. పాత కోడ్‌తో పంపిన డబ్బు తిరిగిపోతుంది. తిరిగిపోయిందన్న సంగతి కూలీకి ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్ళు లేక "ఆన్‌లైన్‌లో వుంది" అంటారు. ఇక పడిన డబ్బు తీసుకోబోతే, సున్నంలో మట్టిలో అరిగిపోయిన వేళ్ళకు మిషను గీతలు పట్టదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టాన్ని పెట్టింది. 100 రోజులు 125 అయ్యాయన్నారు. లోగడ కూలి మొత్తం కేంద్రమే భరించేది. కొత్త దానిలో ఖర్చులో 40 పాళ్ళు మన రాష్ట్రాల నెత్తిన పెట్టారు. ఒక సంచీలోంచి రావలసిన డబ్బుకే ఇన్ని నెలలు ఆగాం. రెండు సంచులు కలిస్తేగాని కూలి బయల్దేరకపోతే ఏమవుతుందో ఊహించటం కష్టం కాదు. రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది, కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది. కూలీకి మాత్రం ఇద్దరూ ఆన్‌లైన్‌నే చూపిస్తారు.

కొందరు మిత్రులు "ఈ ఖాతాలొద్దు, చేతికే డబ్బు ఇమ్మందాం" అంటున్నారు. మేము ఒప్పుకోం. చేతికి డబ్బిచ్చిన రోజుల్లో మేస్త్రి కోత, గుమాస్తా కోత, దొంగ మస్టర్లు ఎట్లా వుండేవో పెద్దవాళ్ళకు గుర్తుంది. ఖాతాలో వెయ్యమన్నది మన సంఘాలు కూడా అడిగిందే. మన తగాదా యంత్రంతో కాదు. యంత్రం వెనక దాక్కున్నవాడితో.

అడగవలసినవి పెద్ద సంగతులేమీ కావు. ధాన్యానికి గడువు కాంటా పడిన గడియ నుంచి లెక్కించాలి. మిల్లరు ఒప్పుకోలుతో రైతు డబ్బుకు సంబంధం వుండకూడదు. తరుగు పేచీ వుంటే అది సంస్థకూ మిల్లరుకూ మధ్య తేల్చుకోవాలి. గడువు దాటితే చెరుకుకు వున్నట్టే నూటికి 15 వడ్డీ చట్టంలో రాయాలి. పండించినవాడి ఖాతాలోనే డబ్బు వెయ్యాలి, భూయజమాని సంతకం అడక్కుండా. కూలి పదిహేను రోజులు దాటితే పరిహారం దానంతట అదే ఖాతాలో పడాలి. తిరిగిపోయిన కూలి జాబితా ప్రతి వారం పంచాయతీ బోర్డు మీద పేర్లతో అంటించాలి.

ఈలోగా మన చేతిలో వున్న పని ఒకటుంది. డబ్బు వేశామని కేంద్రంవాళ్ళు చెబితే, ఏ తేదీన, ఏ నంబరుతో పంపారో రాసి ఇమ్మనండి. నిజంగా పంపిన ప్రతి పైసాకూ ఒక లావాదేవీ నంబరు వుంటుంది. నంబరు వుంటే బ్యాంకుకు పోయి అడగొచ్చు. బ్యాంకు నెలలోపల జవాబివ్వకపోతే రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, రుసుము లేదు, 14448కు ఫోను చేసి తెలుసుకోవచ్చు. నంబరు ఇవ్వలేకపోయారంటే డబ్బు బయల్దేరలేదన్నమాట. అప్పుడు పోవలసింది బ్యాంకుకు కాదు, జిల్లా పౌరసరఫరాల ఆఫీసుకు, కూలి అయితే మండలం ఆఫీసుకు.

యాసంగి, దాళ్వా కోతలప్పుడు ప్రతి కొనుగోలు కేంద్రం దగ్గరా సంఘం తరఫున ఒక నోటుబుక్కు పెట్టండి. రైతు పేరు, కౌలుదారా సొంతమా, కాంటా తేదీ, మిల్లులో దిగిన తేదీ, ఖాతాలో పడిన తేదీ, మిల్లులో తీసిన తరుగు ఎన్ని కిలోలు - ఇవి చాలు. ఉపాధి పనికి మస్టరు మూసిన తేదీ, కూలి పడిన తేదీ విడిగా రాయండి. రాసేటప్పుడు రసీదు చూసి రాయండి, నోటిమాట రాయొద్దు. కౌలురైతుల పేర్ల దగ్గర భూయజమాని ఖాతాలో పడిందా, తన ఖాతాలో పడిందా తప్పకుండా గుర్తు పెట్టండి. సీజను మధ్యలో ఒకసారి, ఆఖరున ఒకసారి ఆ పుస్తకాల నకళ్ళు మండల కమిటీకి చేర్చండి. కలెక్టరు ఆఫీసు ముందు కూర్చునేటప్పుడు అవి వెంట తెచ్చుకోవాలి.